బొట్టు పెట్టిన వ్యాసం

నిన్న పొద్దున కూరగాయల బండి దగ్గర బెండకాయలు ఏరుకుంటుంటే, బండి ఆమె భర్త ఎదురొచ్చాడు. భుజాన వైరు చుట్ట, జేబులో టెస్టరు. మా ఎదురింట్లో ఫ్యాను తిరగడం లేదని పిలిచారట. నేను అలవాటు కొద్దీ అతని ముఖం వంక చూశాను. ఎడమ కంటి కింద, చెంప ఎముక మీద, రూపాయి బిళ్ళంత మేర చర్మం పలచగా, కాస్త లేత రంగులో, వేలితో నొక్కి వదిలినట్టు ఉంది. అంతే. పుండు లేదు, పక్కు లేదు, ఎరుపు లేదు.

"ఏంది మేడం, గట్ల చూస్తున్నరు? ఎక్స్‌రే తీస్తున్నరా?" అన్నాడు.

"జెర ఎండ వైపు తిరుగు."

తిరిగాడు. అతని భార్య తక్కెడ పట్టుకుని నవ్వింది. "మీ ఇద్దరికి రోజూ గిదే పని. బెండకాయలు తూకమెయ్యాల్నా, ఒద్దా?"

వేయమన్నాను. ఇంటికొచ్చి వాటిని తరుగుతూ, ఇది ఇప్పుడు రాయొచ్చు అనుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ చెంప మీది పుండు ఎటు పాకుతుందో తెలియక రాయలేదు. ఆ మచ్చ అతని ముఖం మీద ఉన్నా, దాని కథలో సగం తప్పు నాది.

నేను యాభై ఏళ్ళుగా మూఢనమ్మకాల మీద రాస్తున్న మనిషిని. ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటాను. ఉద్యోగం ఉన్నంత కాలం కర్మాగారంలో తనిఖీ విభాగంలో పనిచేశాను. తయారైన ప్రతి భాగాన్నీ పరీక్షించి, సరిగ్గా ఉంటే ఆకుపచ్చ ముద్ర, లేకపోతే ఎర్ర ముద్ర వేయడం నా పని. అనుమానించడానికి జీతం తీసుకున్నానని సరదాగా చెప్పుకునేదాన్ని.

రాయడం మాత్రం అక్కడ నేర్చుకోలేదు. మా నాన్న రైల్వేలో గుమాస్తా. ప్రతి ఆదివారం నన్ను సికింద్రాబాదులో ఒక పఠన మందిరానికి తీసుకెళ్ళేవాడు. రెండు బీరువాల పుస్తకాలు, నాలుగు బెంచీలు, గోడ మీద బోర్డు. అక్కడ కులాంతర వివాహాల నుంచి జాతకాల దాకా అన్నిటి మీదా చర్చలు జరిగేవి. ఆ చర్చలకు ఒక నియమం ఉండేది. ఎదుటివాడి వాదానికి జవాబు చెప్పే ముందు, ఆ వాదాన్ని మన మాటల్లో మళ్ళీ అతనికే చెప్పాలి. "అవును, నేను అన్నది అదే" అని అతను తలూపాలి. తలూపేదాకా జవాబు చెప్పే హక్కు లేదు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు, జాతకాలను నమ్మే ఒక పెద్దాయన వాదాన్ని ఏడు సార్లు చెప్పి చూశాను. ఏడు సార్లూ తల అడ్డంగానే ఊపాడు. నాకు ఏడుపొచ్చింది. ఎనిమిదోసారి ఆయన తలూపేసరికి, నేను ఇంటి దగ్గర బట్టీపట్టి తెచ్చుకున్న జవాబులో సగం పనికిరాదని నాకే తెలిసిపోయింది.

ఆ నియమం గురించి నేను ఎన్నో వ్యాసాల్లో గొప్పగా రాశాను. అవసరమైన రోజున దాన్ని పాటించలేదు.

కూరగాయల ఆమె తెల్లవారకముందే మోండా మార్కెట్‌కు వెళ్ళి సరుకు తెచ్చుకుని, ఎనిమిదింటికల్లా మా వీధిలో బండి పెడుతుంది. కాపురం యాప్రాల్‌లో ఒక గదిలో. భర్త కరెంటు పని చేస్తాడు. రెండేళ్ళు రాజస్థాన్‌లో, బికనేరు అవతల, ఎండతో కరెంటు తీసే పలకలు బిగించే పనికి వెళ్ళాడు. అక్కడ ఉక్కకు లోపల పడుకోలేక మట్టి గోడల పక్కన ఆరుబయట పడుకునేవారట. తిరిగొచ్చిన కొన్ని నెలలకు చెంప మీద మొటిమలాంటిది లేచింది. అది పెద్దదై, మధ్యలో పగిలి పుండయింది. నొప్పి లేదు, దురద లేదు, మానడమూ లేదు. మందుల షాపు వాడు ఇచ్చిన క్రీములు మూడు రకాలు అయిపోయాయి. తర్వాత ఎవరో చెబితే ఒకాయన దగ్గరకు వెళ్ళారు. ఆయన పుండు మీద విభూతి ఊది పంపాడు.

ఆ సంగతి బండి దగ్గర విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది.

"విభూతి ఊదితే పుండు మానుతుందా? బూడిద పడి చీము పడుతుంది. రేపే చర్మవ్యాధుల ఆసుపత్రికి తీసుకెళ్ళు."

"పోతమమ్మా, గట్ల కోపం చెయ్యకు. పొద్దుగాల ఉల్లిగడ్డ సుత కొనకుండ నన్ను తిడుతున్నవ్" అంది ఆమె.

వెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ పుండు చూసి, మందు సంగతి అడగకుండా ముందు ఏ ఊళ్ళో పని చేశావని అడిగిందట. బికనేరు అనగానే పుండు అంచు గీకి, ఆ గీకుడును సూక్ష్మదర్శినిలో చూసింది. ఇసుక ఈగ కుడితే వచ్చే జబ్బు, పేరు లీష్మానియా. కంటికి కనపడనంత చిన్న పరాన్నజీవి చర్మంలో చేరి పుండు చేస్తుంది. ఇక్కడ అరుదు, ఆ ప్రాంతంలో మామూలే. వారానికోసారి పుండు చుట్టూ సూది మందు పొడిపించుకోవాలి, మానేదాకా ఆపకూడదు అని చెప్పింది. బండి దగ్గర ఈ కబురు విని నేను గెలిచినట్టు ఇంటికొచ్చాను.

ఆ గెలుపు పొగరులోనే తప్పు జరిగింది.

మా చెల్లెలి కూతురు, నేను మా అమ్మాయి అనే అంటాను, నగరంలోనే ఒక ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది. ఆ అమ్మాయి పని సరిగ్గా ఈ పరాన్నజీవి మీదే. అన్నం తింటూ అడిగితే చెప్పింది. కొబ్బరి నూనెలో ఎక్కువగా ఉండే ఒక కొవ్వు ఆమ్లం ఉంది, లారిక్ ఆమ్లం అంటారు. గాజు పాత్రలో పెంచిన పరాన్నజీవుల మీద ఆ ఆమ్లాన్ని వేసి చూస్తున్నారు. ఈదుతున్నవి ఈదడం మానేసి చచ్చిపోతున్నాయి. ఆ అమ్మాయి ఇంకా చాలా చెప్పింది. నేను చచ్చిపోతున్నాయి అన్న దగ్గర వినడం ఆపేశాను. నా తలలో అప్పటికే వ్యాసం మొదలైంది.

రెండు గంటల్లో రాసేశాను. విభూతి ఊదే మనిషిని ఎండగట్టాను, ఇసుక ఈగ గురించి చెప్పాను, డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నను మెచ్చుకున్నాను. అంతవరకు ఇప్పటికీ ఒక్క అక్షరం మార్చను. చివరి వాక్యం మాత్రం ఇది: "విభూతి చేయలేని పనిని మన వంటింటి కొబ్బరి నూనెలోని ఒక ఆమ్లం చేసి చూపించింది." మొదటి ప్రతిలో, చేసి చూపించిందనే మాటకు ముందు, "గాజు పాత్రలో" అని ఉంది. దానితో వాక్యం నడక కుంటుతోందని కొట్టేశాను. ఒక చిన్న మాసపత్రిక వాళ్ళు అడిగి మరీ వేసుకున్నారు. మా అమ్మాయికి చూపించలేదు. ఆమె తలూపిందా లేదా అని ఎవరూ అడగలేదు; నేనూ అడగలేదు.

పత్రిక రాగానే ఒక ప్రతి తీసుకెళ్ళి బండి మీద పెట్టాను. "మీ ఆయనకు ఇవ్వు. ఇందులో ఉన్నది అతని సంగతే" అన్నాను. అతను పది దాకా చదివాడు, పేపరు కనపడితే వదలడు. ఆమె ఆ పత్రికను టమాటాల గంప కింద జాగ్రత్తగా దాచుకుంది.

తర్వాత నెల రోజులకు పైగా అతను నాకు కనపడలేదు. ఎట్లా ఉందని ఆమెను అడిగితే "మంచిగున్నదమ్మా, మందు నడుస్తున్నది" అనేది. నేను ఏ మందని అడగలేదు. తనిఖీ విభాగంలో ముప్పై ఏళ్ళు చేసిన మనిషిని, ఆకుపచ్చ ముద్ర వేసి పంపేశాను.

ఒకరోజు మా అమ్మాయి ఒక మాట అంది. "నాలుగేండ్ల నుంచి ఈ పరాన్నజీవిని మైక్రోస్కోపులనే చూస్తున్న పెద్దమ్మ. మనిషి మీద ఎట్లుంటదో ఒక్కసారి సుత చూడలే."

"దాందేముంది, నేను చూపిస్తాను" అన్నాను. ఆ ఆదివారం సాయంత్రం ఇద్దరం యాప్రాల్ వెళ్ళాం.

గది చిన్నది, శుభ్రంగా ఉంది. ఒక మూల కొత్తిమీర కట్టలు తడి గోనె మీద, పక్కన పొట్లాలకు పాత పేపర్ల దొంతర. ఆమె మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి చాయ్ పెట్టింది. గోడకు రెండు దేవుడి పటాలు. వాటి పక్కనే, టేపుతో నాలుగు మూలలా అంటించి, నా వ్యాసం. దాని నెత్తిన పసుపు రాసి, మధ్యలో ఎర్రగా కుంకుమ బొట్టు.

నా వ్యాసానికి బొట్టు. కోపంతో నా చెవులు వేడెక్కాయి. ఇదేమిటని నోరు తెరిచేలోపు అతను లోపలికొచ్చాడు, దీపం వెలుతురు అతని ముఖం మీద పడింది.

పుండు రెండింతలైంది. నూనెతో నిగనిగలాడుతోంది. దాని పై అంచుకూ కంటి కింది రెప్పకూ మధ్య ఒక బియ్యపు గింజ పట్టేంత చోటు మిగిలింది. గదంతా కొబ్బరి నూనె వాసన.

మా అమ్మాయి గ్లాసు కింద పెట్టింది. "అన్నా, ఇంజెక్షన్లు ఎన్ని అయినయి?"

"మూడు. అటెన్క బంద్ చేసిన."

"ఎందుకు?"

అతను నా వైపు చూశాడు. ఆ చూపులో ఉన్నది కృతజ్ఞత. "మేడం రాసిండ్రు గద. కొబ్బరి నూనెల ఆమ్లం ఉంటది, గదే పురుగును సంపుతదని. సూదితోని తక్లీఫ్ మామూలుగ లేదు చెల్లె, మొఖం మీద పొడుస్తరు. దానికి తోడు పొద్దంతా లైన్ల నిలవడాలె, ఆ రోజు పని పాయె. ఇంట్ల ఉన్న మందుకు గంత పరేషాన్ ఎందుకని నూనె షురూ చేసిన. రోజుకు మూడు సార్లు."

"మామూలు నూనె గాదమ్మా" అంది భార్య, నన్ను మెప్పించడానికి. "గానుగ నూనె. మోండా మార్కెట్ల ఎతికి తెచ్చిన."

నేను అప్పుడేం చేశానో దాచకుండా చెప్పాలి. చెంప వైపు చూడలేక గోడ వైపు చూశాను. "కాగితానికి బొట్టు పెట్టావేంటి? నేను రాసింది పూజ చేసుకోవడానికా?" అన్నాను, గట్టిగానే. బొట్టు మీద వాదించడం నాకు తేలిక. ఆ పుండు మీద నాకు వాదం లేదు.

ఆమె ముఖం చిన్నబోయింది. "మంచి కాగితమని పెట్టినమ్మా" అంది.

"పెద్దమ్మ, బొట్టు సంగతి తర్వాత" అంది మా అమ్మాయి. గోడ దగ్గరికి వెళ్ళి, నిలబడి, నా వ్యాసమంతా చదివింది. చివరి వాక్యం రెండుసార్లు చదివినట్టుంది. "నేను నీకు గిట్ల చెప్పిన్నా?"

"చచ్చిపోతున్నాయని చెప్పావు."

"డిష్‌ల చస్తున్నయన్న. డిష్‌ల బట్టల సోడా ఏసినా చస్తయి. బట్టల సోడా మొఖానికి రాస్తమా?"

ఆమె అతని ఎదురుగా చాప మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. ప్రయోగశాలలో పెంచేవి తోక ఉన్నవి, ఈగ కడుపులో ఉండే రూపం. నీళ్ళలో ఈదుతుంటాయి, అందుకే మందు వెంటనే తగులుతుంది. మనిషి చర్మంలోకి రాగానే తోక వదిలేసి గుండ్రంగా మారి, మన కణాల లోపలికే దూరి కూర్చుంటాయి. చంపితే అక్కడ చంపాలి. ఆ ఆమ్లం అక్కడిదాకా వెళ్తుందా, వెళ్ళినా మనిషి కణం బతుకుతుందా అన్నది ఎవరికీ ఇంకా తెలియదు, తనకూ తెలియదు. పైన రాసిన నూనె పైనే ఉంటుంది.

అతను చెంప మీది నూనెను వేలితో తుడిచి చూసుకున్నాడు. "అంటే గోడ లోపట వైరు కాలుతుంటే, నేను గోడకు సున్నం కొడుతున్న అన్నట్టు."

"అదే అన్నా. అచ్చం అదే" అంది మా అమ్మాయి తలూపుతూ.

ఒక్కసారికే తలూపింది. నేను రెండు గంటలు కూర్చుని రాసినదానికి దొరకని తలూపు, పది చదివిన మనిషికి ఒక్క మాటలో దొరికింది.

"గట్లయితే రేపే పోతం" అన్నాడు. తర్వాత నన్ను చూసి, "మీరేం పరేషాన్ కాకుండ్రి మేడం. సదువుకున్నది నేను గద" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. నేను, అతను, అతని భార్య. బండి ఆ రోజు తీయలేదు. వరుసలో నిలబడ్డంతసేపూ నేను ఆ బియ్యపు గింజ చోటునే కొలుస్తూ ఉన్నాను. ముందు రోజు దీపం వెలుతురులో పొరబడ్డానేమో, ఇంకా తక్కువుందేమో. రెప్పకు పాకితే రెప్ప ముడుచుకుపోతుందనీ, కన్ను సరిగ్గా మూతపడదనీ దారిలో మా అమ్మాయి ఫోన్‌లో చెప్పింది. కరెంటు స్తంభాలెక్కే మనిషి. పై అంచు ఎర్రగా ఉంది. ఆ ఎరుపు నూనె రాపిడికా, పాకడానికా అన్నది నాకు తెలియదు. అన్నీ తెలిసినట్టు రాసే మనిషికి ఒక బియ్యపు గింజంత చోటులో ఏం జరుగుతోందో తెలియలేదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. చీటీ చూసి, "మూడు సూదులకే మాయమైండ్రు. ఏడికి పోయిండ్రు?" అని అడిగింది.

అతను తల వంచుకున్నాడు. తప్పు తన మీద వేసుకోబోతున్నాడని నాకు అర్థమైంది. "ఎక్కడికీ పోలేదమ్మా. నేను రాసింది చదివి ఆపేశాడు. తప్పు నాది" అన్నాను. కొబ్బరి నూనె కథంతా చెప్పాను.

ఆమె భూతద్దం తీసుకుంది. అతని తల వెనక్కి వంచి, కింది రెప్పను వేలితో లాగి లోపలి వైపు చూసింది. కళ్ళు మూసుకోమంది, తెరవమంది, మళ్ళీ మూసుకోమంది. పుండు పై అంచును దూదితో తుడిచి నొక్కి చూసింది. అంతా ఒక నిమిషం పట్టిందేమో. అతని భార్య నా చీర కొంగు పట్టుకుని ఉందన్న సంగతి నాకు ఆ నిమిషం అయ్యాకే తెలిసింది.

"రెప్పకు ముట్టలే" అంది డాక్టరమ్మ. "పైన ఎరుపు నూనె రుద్దుడుతోని వచ్చింది. పుండు పెరిగింది కింది వైపు, పక్కలకు. కన్ను బాగున్నది. ఇంకో రెండు నెలలు ఆగి వస్తే నేను గిట్ల చెప్పేదాన్ని గాదు."

నేను పక్కనున్న బల్ల మీద కూలబడ్డాను. పేషెంటును నేనేననుకుని నర్సు మంచినీళ్ళు తెచ్చింది. తాగాను. ఆ నీళ్ళ రుచి ఇంకా గుర్తుంది, క్లోరిన్ వాసన వేసే మామూలు నల్లా నీళ్ళు.

సూది మందు మళ్ళీ మొదలైంది. అతను పళ్ళు బిగించి కూర్చున్నాడు. డాక్టరమ్మ సూది తీసి పక్కన పడేసి, "కొబ్బరి నూనె తలకు పెట్టుకో, మంచిగుంటది" అంది. నా వైపు తిరిగి, "మేడం, మందుల చీటీ నేను రాస్తా. వ్యాసం మీరు రాయండి. రెండూ కలపకుండ్రి" అంది.

ఆమె వాదాన్ని నా మాటల్లో మళ్ళీ చెప్పాల్సిన అవసరం కలగలేదు.

ఇంటికొచ్చాక ఆలోచించాను. అతను సూది ఆపడానికి ఒక కారణం నా వాక్యం, రెండోది పొద్దంతా నిలబడే వరుస. వాక్యాన్ని వెనక్కి తీసుకోవడానికి పత్రిక వచ్చే నెల దాకా ఆగాలి. వరుస సంగతి మాత్రం అప్పుడే చూడొచ్చు. అప్పటి నుంచి ప్రతి వారం పొద్దున్నే నేను వెళ్ళి అతని చీటీ పట్టుకుని వరుసలో నిలబడేదాన్ని. అతను తన పని చేసుకుంటూ ఉండేవాడు. ముందు పది మంది ఉన్నారనగా ఫోన్ చేస్తే బైకు మీద వచ్చేవాడు. రిటైరైన మనిషికి వరుస కష్టం కాదు, చేతిలో ఒక పుస్తకం ఉంటే చాలు. మూడో వారానికి అక్కడ సగం మంది నన్ను గుర్తుపట్టారు. ఒక ముసలామె అడిగింది, "మీకేం బీమారి? పైకి మంచిగనే కనిపిస్తున్నరు?"

"రాసే బీమారి" అన్నాను. ఆమె సానుభూతిగా జరిగి చోటిచ్చింది.

సవరణ రాయడం అసలు వ్యాసం కంటే చాలా ఎక్కువ సమయం తీసుకుంది. ఈసారి ముందు మా అమ్మాయికి చదివి వినిపించాను. మొదటిసారి అడ్డంగా ఊపింది. రెండోసారి, "గిప్పుడు మరీ భయపెడుతున్నవ్ పెద్దమ్మ, ఆమ్లం పనికే రాదని నేనెప్పుడన్న?" అంది. మూడోసారికి తలూపింది. చివరి వాక్యం ఇలా వచ్చింది: "ఈ ఆమ్లం మనిషి చర్మంలో పనిచేస్తుందో లేదో ఇంకా తెలియదు, తెలిసేదాకా సూది మందు ఆపకండి." అందులో నడక లేదు, మెరుపు లేదు. నేను రాసిన వాక్యాల్లో నాకు ఇప్పుడు బాగా ఇష్టమైనది అదే.

అచ్చుకు పంపే ముందు పఠన మందిరంలో కూడా చదివాను. ఇప్పుడు అక్కడికి పది మందే వస్తారు, బెంచీలు మాత్రం అవే. సవరణ వద్దని ఒకరిద్దరన్నారు. వేస్తే విభూతి మనిషి తరఫు వాళ్ళు పండగ చేసుకుంటారని వాళ్ళ భయం. వెనక బెంచీలో కూర్చునే పెద్దాయన ఒకాయన, నా వ్యాసాలన్నిటికీ అడ్డం చెప్పడమే పనిగా పెట్టుకున్నవాడు, లేచాడు.

"ఆయన విభూతి ఇచ్చిండు, నువ్వు నూనె ఇచ్చినవ్. ఆయన దేవుని పేరు చెప్పిండు, నువ్వు సైన్సు పేరు చెప్పినవ్. ఫరక్ ఏందో జెర చెప్పమ్మా."

నియమం ప్రకారం ముందు ఆయన వాదాన్ని చెప్పాను. "కారణం చూపకుండా నమ్మమన్నప్పుడు, ఏ పేరుతో నమ్మమన్నా అది ఒకటే అంటున్నారు."

ఆయన తలూపాడు.

"ఫరక్ ఒక్కటే. ఆయన సవరణ వెయ్యడు, నేను వేస్తున్నాను."

మెచ్చుకోలుగా నలుగురు బెంచీ మీద చరిచారు. నేను మాత్రం అనుకున్నంత సంతోషపడలేదు. ఆ జవాబు అంత తేలిగ్గా నా నోట్లోంచి రావడానికి కారణం ఆ బియ్యపు గింజంత చోటు. అది లేకపోతే ఏ సవరణ సరిపోయేది? పెద్దాయనతో ఆ మాట కూడా అన్నాను. "కన్ను దక్కింది. నీ అదృష్టం" అన్నాడు ఆయన. అదృష్టం అనే మాటను ఆ గదిలో ఎవరూ ఊరికే వదిలిపెట్టరు. ఆ రోజు నేను వదిలిపెట్టాను.

వారాలు గడిచాయి. పుండు ముందు పక్కల నుంచి ఆరింది, తర్వాత మధ్యలో చదునైంది. డాక్టరమ్మ మళ్ళీ గీకి చూసి, ఏమీ కనపడలేదని చెప్పిన రోజు అతను ఆసుపత్రి బయట నాకు చెరుకు రసం తాగించాడు. ఏడాది దాకా అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోమన్నారు. చూపించుకుంటున్నాడు. వరుసలో నేనే నిలబడుతున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు భోజనానికి రమ్మంటే మా అమ్మాయీ నేనూ మళ్ళీ యాప్రాల్ వెళ్ళాం. అదే గది, అదే తడి గోనె. గోడ మీద నా పాత వ్యాసం ఇంకా ఉంది. దాని పక్కన ఆసుపత్రి చీటీ, దాని పక్కన నా సవరణ, ఆ పక్కన గ్యాసు పుస్తకంలోంచి ఒక కాగితం, ఇంటి అద్దె ఒప్పందం. అన్నిటికీ పసుపు, అన్నిటికీ బొట్టు. గ్యాసు కాగితానికి కూడా.

ఈసారి గొంతు పెంచలేదు. "నేను అనుకున్నది చెబుతాను, తప్పయితే చెప్పు" అన్నాను ఆమెతో. "మంచి జరగాలని దేవుడికి చూపించడానికి బొట్టు పెడతావు. అంతేనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. నవ్వు ఆపుకుంటోంది. "గ్యాసు కాగితంతోని దేవునికేం పని అమ్మా?"

"మరి?"

ఆమె మూలనున్న పేపర్ల దొంతర చూపించింది. "మా ఇంట్ల కాగితం కనబడ్డదంటే పొట్లమే. పచ్చిమిరపకాయలకు, అల్లానికి, కరివేపాకుకు. పొద్దుగాల చీకట్ల చేతికి ఏది దొరికితే అది చింపుత. ఒకసారి ఈయన ఆధార్ జిరాక్స్‌ల మిరపకాయలు కట్టి అమ్మిన. గప్పటి నుంచి చింపొద్దన్న కాగితానికి బొట్టు పెడుత. బొట్టు కనబడితే చెయ్యి ఆగుతది. గంతే."

మా అమ్మాయి అన్నం ముద్ద చేతిలో పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. అది నేను కర్మాగారంలో ముప్పై ఏళ్ళు వేసిన ముద్ర. ఉంచాల్సినదేదో, పోయేదేదో చెప్పే గుర్తు. నేను దాన్ని మూఢనమ్మకమని తిట్టాను.

"ఆ రోజే చెప్పొచ్చు కదా" అన్నాను.

"ఆ రోజు మీరు అడగలే, తిట్టిండ్రు" అంది ఆమె, నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేస్తూ.

తిని చేతులు కడుక్కున్నాక, ఆ పాత వ్యాసం తీసేయమని అడిగాను. ఆమె టేపు మూలలు గోటితో లేపి కాగితం ఊడదీసింది. గోనె మీది పచ్చిమిరపకాయలు గుప్పెడు తీసి అందులో పోసి, రెండు మడతలు వేసి, దారం చుట్టి నా చేతికిచ్చింది.

"బొట్టుంది కదా" అన్నాను.

"ఇగ దీని పని అయిపోయింది" అంది.

అతను వాకిట్లో బల్బు మారుస్తున్నాడు. స్టూలు మీద నిలబడి, తల ఎత్తి, హోల్డరులోకి చూస్తూ ఎడమ కన్ను ఒకసారి గట్టిగా మూసి తెరిచాడు. రెప్ప పూర్తిగా మూతపడింది, పూర్తిగా తెరుచుకుంది. బల్బు వెలిగాక మేమిద్దరం బయల్దేరాం.